సైకిలు మీద సలాం: బాటలో ఎదురైనవారిని పలకరించడం





ఫజ్ర్ నమాజు ముగిసిన వేళ విజయనగరం నుంచి నెల్లిమర్ల వైపు గానీ, శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస వైపు గానీ సాగే రోడ్డును గమనించండి. బస్సుల కన్నా ముందు ఆ దారిన కదిలేవి సైకిళ్ళు. హ్యాండిలుకు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసుకొని ఒకరు, వెనుక క్యారేజి మీద చేపల గంప కట్టుకొని ఒకరు, తాపీ సామానుతో పనికి బయలుదేరిన మేస్త్రీ ఒకరు, గుడ్డల మూటతో పల్లెలు తిరిగి అమ్మే మన సోదరుడు ఒకరు. ఇటీవల వీరితో పాటు మరో తరహా సైకిలిస్టులు కూడా కనిపిస్తున్నారు. ఆరోగ్యం కోసం గేరు సైకిళ్ళ మీద, హెల్మెట్లు పెట్టుకొని, నలుగురైదుగురు కలిసి జాతీయ రహదారి సర్వీసు రోడ్ల వెంట సాగిపోయే ఉద్యోగులు, విద్యార్థులు. వారిలో మన యువకులూ ఉన్నారు. ఇది సంతోషించవలసిన విషయమే.

అయితే ఈ రెండో వర్గంలోని వారు తమలాంటి సైకిలిస్టు ఎదురైతే చేయి ఎత్తి పలకరిస్తారు. పాల క్యాన్ల సైకిలు ఎదురైతే పలకరించరు. పాలవాడు కూడా వారిని పలకరించడు. వారు తన లోకానికి చెందినవారు కారని అతని భావన. ఈ నేపథ్యంలో కొందరు యువకులు ఒక ప్రశ్న అడుగుతున్నారు. సైకిలు మీద వెళ్ళేవారు దారిలో ఒకరినొకరు పలకరించుకోవలసిన అవసరం ఉన్నదా? తెలియనివారికి కూడా సలాం చెప్పాలా? చెప్పవలసి వస్తే ముందుగా ఎవరు చెప్పాలి? చూడడానికి ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ దైవప్రవక్త (సఅసం) దీన్ని చిన్న విషయంగా వదిలిపెట్టలేదు. వాహనం మీద ఉన్నవాడు, నడిచేవాడు, కూర్చున్నవాడు, వీరిలో ఎవరు ముందు సలాం చెప్పాలో వారు స్పష్టంగా నిర్ణయించారు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. వాహనారూఢుడు పాదచారికి, పాదచారి కూర్చున్నవానికి, కొద్దిమంది ఎక్కువమందికి సలాం చెప్పాలని దాని సారాంశం. ఈ క్రమాన్ని శ్రద్ధగా చూడండి. లోకరీతి దీనికి పూర్తిగా భిన్నం. లోకంలో నడిచేవాడు గుర్రం మీది వానికి వంగి దండం పెడతాడు. కాలినడకన పోయే కూలీ కారులోని ఆసామికి ముందుగా నమస్కరిస్తాడు. ప్రవక్త (సఅసం) ఆ క్రమాన్ని తిరగవేశారు. ఎత్తున కూర్చున్నవాడే, వేగంగా పోగలవాడే ముందుగా నోరు విప్పాలి. దీనికి కారణాన్ని వివరిస్తూ హదీసు వ్యాఖ్యాత అల్ మాజరీ, వాహనం మీద ఉన్నవానికి పాదచారి కన్నా ఒక ఆధిక్యం లభించింది కనుక, అతనిలో అహంకారం తలెత్తకుండా ఉండేందుకు సలాం బాధ్యత అతనిపై ఉంచబడిందని అన్నారు.

ఆనాటి వాహనాలు ఒంటెలు, గుర్రాలు, గాడిదలు. సైకిలు ఉనికిలోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. అయినా ఆదేశం వెనుక ఉన్న కారణం స్పష్టంగా ఉన్నప్పుడు దాన్ని కొత్త వాహనాలకు అన్వయించడం కష్టం కాదు. సైకిలు మీది వాడు నడిచేవానికి ముందు సలాం చెప్పాలి. ఇదే పోలికతో మోటారు సైకిలు మీది వాడు సైకిలు తొక్కేవానికి, కారులోని వాడు ఇద్దరికీ ముందు చెప్పడం సముచితమని మా అభిప్రాయం. ఆధిక్యం ఎవరికి ఉన్నదో బాధ్యత వారిదే.

ఇద్దరూ సైకిళ్ళ మీదే ఉంటే? హజ్రత్ జాబిర్ (రజి) చెప్పిన ఒక మాటను ఇమామ్ బుఖారీ తమ అల్ అదబుల్ ముఫ్రద్‌లో నమోదు చేశారు. ఇద్దరు పాదచారులు ఎదురైతే ఎవరు ముందు సలాం చెబితే వారే శ్రేష్ఠులన్నది దాని భావం. సమానులైన ఇద్దరు సైకిలిస్టులకూ ఇదే వర్తిస్తుంది. ఇక్కడ వరుస లేదు, వాటా లేదు, పోటీ మాత్రమే ఉంది. అల్లాహ్‌కు అత్యంత సన్నిహితుడు సలాంతో మొదలుపెట్టేవాడేనన్న హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. కాబట్టి పదహారు గేర్ల సైకిలైనా, తుప్పు పట్టిన పాత సైకిలైనా, ఎదుటివాడు మొదలుపెడతాడని ఎదురుచూసేవాడు పుణ్యం కోల్పోయినవాడే. వయసులో తేడా స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మాత్రం చిన్నవాడు పెద్దవానికి ముందు చెప్పాలని బుఖారీలోని మరో ఉల్లేఖనం చెబుతోంది. చిన్నపిల్లలు గుంపుగా కనిపిస్తే ప్రవక్త (సఅసం) తామే ముందు సలాం చెప్పేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఫ్రేము మధ్యలో కాలు దూర్చి సైకిలు నేర్చుకుంటున్న కుర్రవాడికి ఒక పెద్దమనిషి సలాం చెబితే ఆ కుర్రవాడు దాన్ని ఎంతకాలం గుర్తుంచుకుంటాడో మనకందరికీ తెలుసు.

ఇక తెలిసినవారు, తెలియనివారు అన్న ప్రశ్న. ఇస్లాంలో ఏ ఆచరణ మేలైనదని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, తెలిసినవారికీ తెలియనివారికీ సలాం చెప్పడం అని ప్రవక్త (సఅసం) సమాధానమిచ్చారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనం ఒకటి ముస్నద్ అహ్మద్‌లో ఉంది. మనిషి కేవలం పరిచయం ఉన్నవారికే సలాం చెప్పే స్థితి రావడం ప్రళయ సూచనలలో ఒకటని అందులో ఉంది. తమ బృందంలోని వారినే, తమ తరహా సైకిలు ఉన్నవారినే పలకరించి మిగిలినవారిని దాటిపోయే అలవాటును ఈ హదీసు ఎదుట ఉంచి చూసుకోవాలి. అది పలకరింపు కాదు, ఒకరి హోదాను మరొకరు గుర్తించుకోవడం మాత్రమే. సూరా లుఖ్మాన్ 18, 19 వాక్యాలలో లుఖ్మాన్ తమ కుమారునికి చేసిన ఉపదేశం ఉంది. జనం నుంచి ముఖం తిప్పుకోవద్దనీ, భూమిపై విర్రవీగుతూ నడవవద్దనీ, నడకలో మితం పాటించమనీ, గొంతు తగ్గించమనీ అందులో ఉంది. రోడ్డు మీద ఉన్న ప్రతివానికీ ఈ నాలుగూ అవసరమే.

దీనికి ఆచరణలో ఒక అందమైన నిదర్శనం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) జీవితంలో కనిపిస్తుంది. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో దాన్ని పొందుపరిచారు. తుఫైల్ బిన్ ఉబై అనే వ్యక్తి ఉదయం పూట వారి వద్దకు వచ్చేవారు. ఇద్దరూ కలిసి బజారుకు వెళ్ళేవారు. పాత సామాను అమ్మేవాడు, వర్తకుడు, నిరుపేద, ఎవరు ఎదురైనా ఇబ్నె ఉమర్ (రజి) సలాం చెప్పకుండా దాటేవారు కారు. ఒకరోజు తుఫైల్ ఆశ్చర్యంతో, మీరు ఏ దుకాణం దగ్గరా ఆగరు, ధర అడగరు, బేరం చేయరు, బజారులో కూర్చోరు, మరి అక్కడికి ఎందుకు వెళ్ళడమని ప్రశ్నించారు. కేవలం సలాం కోసమే వెళ్తున్నామని, ఎదురైన ప్రతివారికీ సలాం చెప్పడానికేనని వారు జవాబిచ్చారు. తుఫైల్‌కు కాస్త బొజ్జ ఉండేదట. ఆ జవాబు చెబుతూ వారు ఆయనను ఆ బొజ్జ పేరుతోనే ఆప్యాయంగా పిలిచారని కూడా ఉల్లేఖకులు రాసి ఉంచారు. ఇంతటి మహనీయుడు పాత సామాను అమ్మేవాని కోసం బజారుకు వెళ్ళారు. మన సైకిలుకు అదే మనిషి ఎదురుగా, తనంతట తానే వస్తున్నాడు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర సాయంత్రం వేళ ఎదురైన ప్రతివారికీ సలాం చెప్పుకుంటూ పోవడం సాధ్యమా? ధర్మవేత్తలు దీన్ని ఎప్పుడో ఆలోచించారు. కిక్కిరిసిన బజార్లలో అందరికీ సలాం చెప్పబోతే మనిషి తన పని మరచిపోతాడు కనుక కొందరికి చెబితే చాలునని అల్ మావర్దీ అభిప్రాయపడ్డారు. ఇమామ్ నవవీ ఆ అభిప్రాయాన్ని తమ అల్ అజ్‌కార్‌లో ఉదహరించారు. నెదర్లాండ్స్ దేశంలో జనాభా కన్నా సైకిళ్ళే ఎక్కువ. అక్కడ ప్రతి సైకిలిస్టూ ప్రతి సైకిలిస్టునూ పలకరిస్తే ఎవరూ గమ్యం చేరలేరు. పట్టణపు కూడలికి ఒక రీతి, ఊళ్ళ మధ్య నిర్జనమైన దారికి ఒక రీతి. పొలాల మధ్య మైలు దూరం నుంచి ఒకరికొకరు కనిపిస్తూ వచ్చి, దగ్గరకు రాగానే ముఖాలు పక్కకు తిప్పుకొని దాటిపోవడానికి మాత్రం ఏ సాకూ లేదు.

ప్రాణభద్రత గురించి కూడా చెప్పుకోవాలి. సలాం అంటేనే క్షేమం. క్షేమం కోరుతూ కింద పడడం విజ్ఞత కాదు. మన దేశపు సైకిళ్ళలో సాధారణంగా ముందు చక్రం బ్రేకు కుడిచేతి కింద ఉంటుంది. మనం ఎడమవైపున వెళ్తాం కనుక ఎదురు వచ్చేవారు మన కుడివైపున దాటుతారు. చేయి ఊపాలంటే సహజంగా కుడిచేయే లేస్తుంది. వెనుక బరువు ఉన్నప్పుడు, గుంతల దారిలో, సముద్రం వైపు నుంచి ఎదురుగాలి కొడుతున్నప్పుడు ఆ చేయి తీయడం ప్రమాదం. నిజానికి సలాంకు చేయి అవసరమే లేదు. అది నోటితో చెప్పే మాట. మాట లేకుండా కేవలం సైగతో సరిపెట్టడాన్ని పండితులు మెచ్చలేదు. దూరం వల్ల మాట వినిపించనప్పుడు, లేదా ఎదుటివారికి చెవుడు ఉన్నప్పుడు, నోటితో పలుకుతూ చేతితో కూడా సూచించడం మంచిదన్నారు. ప్రవక్త (సఅసం) మసీదులో కూర్చున్న స్త్రీల బృందానికి సలాం చేస్తూ చేయి కదిపారని హజ్రత్ అస్మా బింతె యజీద్ (రజి) ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. రహదారి మధ్య డివైడరుకు ఆవలి వైపున వెళ్తున్న సోదరునికి ఈ పద్ధతి తగును. మిగతా వేళల్లో నోటి మాటకు తోడుగా తల చిన్నగా కదిపితే చాలు. వేగంగా దాటుతున్నప్పుడు సలాం పూర్తి వాక్యం పట్టకపోతే మొదటి రెండు పదాలతో సరిపెట్టవచ్చు. వాటికి పది పుణ్యాలు, మిగతా భాగాలు కలిపిన కొద్దీ ఇరవై, ముప్పై అని హదీసులో ఉంది. గంట కొట్టి దాటిపోవడం మాత్రం సలాం కాదు. అది పక్కకు తప్పుకోమని చెప్పడం.

సలాం చెప్పడం సున్నత్. జవాబివ్వడం విధి. సూరా అన్నిసా 86వ వాక్యం ప్రకారం, ఎవరైనా మర్యాదపూర్వకంగా పలకరిస్తే అంతకన్నా మేలైన రీతిలో, లేదా కనీసం అదే రీతిలో బదులివ్వాలి. నలుగురు కలిసి వెళ్తున్నప్పుడు ఒకరు జవాబిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని సైకిలు తొక్కేవారు లారీ హారనుతో పాటు ఈ విధిని కూడా వినకుండా పోగొట్టుకుంటున్నారు.

ఇప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన విషయానికి వద్దాం. శ్రీకాకుళంలో కుతుబ్ షాహీల ఫౌజ్దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో జామియా మసీదు కట్టించారు. అంటే ఈ నేల మీద మన ఉనికి నిన్న మొన్నటిది కాదు. అయినా 2011 జనగణన లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లోనూ ముస్లిములు నూటికి ఒకరు కూడా లేరు. కాబట్టి ఈ దారుల్లో మనకు ఎదురయ్యే సైకిలిస్టు దాదాపు ఎప్పుడూ ముస్లిమేతర సోదరుడే. పలకరింపు మనవారికే పరిమితమని భావిస్తే, మనలో చాలామంది రోజంతా తిరిగినా ఒక్కసారి కూడా నోరు విప్పకుండా ఇల్లు చేరవలసి వస్తుంది.

ముస్లిమేతరులకు ముందుగా సలాం పదాలతో చెప్పవచ్చునా అన్న దానిపై పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. దాన్ని మేము దాచిపెట్టడం లేదు. అయితే ఎవరూ కాదనలేని ఒక సంఘటన బుఖారీ, ముస్లింలలో ఉంది. ప్రవక్త (సఅసం) ఒకసారి గాడిదపై ఎక్కి, తమ వెనుక బాలుడైన ఉసామా బిన్ జైద్ (రజి)ను కూర్చోబెట్టుకొని, అస్వస్థులుగా ఉన్న సఅద్ బిన్ ఉబాదా (రజి)ను చూడడానికి బయలుదేరారు. మన మాటలో చెప్పాలంటే డబల్స్ వెళ్తున్నారు. దారిలో ముస్లిములు, బహుదైవారాధకులు, యూదులు కలిసి కూర్చున్న ఒక సభ ఎదురైంది. వాహనం రేపిన దుమ్ముకు అబ్దుల్లాహ్ బిన్ ఉబై ముక్కు మూసుకొని, మా మీద దుమ్ము రేపవద్దని విసుక్కున్నాడు. ప్రవక్త (సఅసం) ఆ సభకు సలాం చెప్పి, ఆగి, కిందికి దిగారు. వాహనం మీద ఉన్నవారు, విసుగు ఎదురైనప్పటికీ, మిశ్రమ జనానికి ముందుగా సలాం చెప్పారన్నది ఇక్కడ గమనార్హం. జవాబు విషయంలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మరింత స్పష్టంగా, సలాం చెప్పినవాడు యూదుడైనా, క్రైస్తవుడైనా, అగ్నిపూజకుడైనా జవాబు ఇవ్వండని, పైన చెప్పిన సూరా అన్నిసా వాక్యాన్నే ఆధారంగా చూపారు. ఇది అల్ అదబుల్ ముఫ్రద్‌లో ఉంది.

సలాం పదాల విషయంలో సంకోచించేవారికి మన తెలుగులో పలకరింపులకు కరువు లేదు. “బాగున్నారా?” అంటే ఏ పండితుడూ అభ్యంతరం చెప్పడు. బయలుదేరినవారిని “ఎక్కడికి?” అని అడగడం అపశకునమని మన చుట్టూ ఉన్నవారు భావిస్తారు, అందుకే “ఎందాకా?” అంటారు. శకునాలపై మనకు నమ్మకం లేకపోయినా ఎదుటివారి మనసు నొప్పించని మాట ఎంచుకోవడం మర్యాద. “ఏటి సాయిబూ, పనికెల్తన్నావా?” అని పల్లెదారిలో ఒక రైతు ఆప్యాయంగా అడిగితే, అందులో సమాచారం కోసం వెతకనవసరం లేదు. అది ఆయన నోటి సలాం. “ఔను బాబూ, మీరు బాగున్నారా?” అని అంతకన్నా మేలుగా బదులివ్వాలి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఉదయం వేళ ఇవే దారుల్లో హైస్కూలు బాలికలు సైకిళ్ళ మీద వెళ్తారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసులో బాటకున్న హక్కులు చెప్పబడ్డాయి. చూపు దించుకోవడం, బాధ కలిగించకుండా ఉండడం, సలాంకు జవాబివ్వడం, మంచిని ఆదేశించడం, చెడును వారించడం. వీటిలో సలాం కన్నా ముందు చూపు ఉంది, హాని చేయకపోవడం ఉంది. పలకరింపు పేరుతో పరాయి బాలికల పక్కన సైకిలు నడపడం, వేగం తగ్గించి మాట కలపడం సున్నత్ కాదు, వేధింపు. అక్కడ బాట హక్కు ఏమిటంటే దూరం ఉంచి, చూపు దించి, నిశ్శబ్దంగా దాటిపోవడం.

పలకరింపు వల్ల ప్రయోజనం ఏమిటని అడిగేవారికి మన జిల్లాల అనుభవమే జవాబు చెబుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఆ పేరు పెట్టింది ఒమన్ దేశం. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వద్దకు దూరదేశపు వార్త మోసుకొచ్చిన పక్షి పేరు అది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకు అడ్డంగా చెట్లు. కారు కదలలేని అలాంటి దారిలో సైకిలును చెట్టు మీదుగా ఎత్తి అవతలికి దించుకోవచ్చు. అలాంటి రోజున ఎదురైన సైకిలిస్టును ఎవరూ మౌనంగా దాటిపోరు. మీది ఏ ఊరు, అందరూ క్షేమమేనా, ముందు దారి ఉన్నదా అని ఆపి అడుగుతారు. సలాం అనే పదానికి అర్థం అదే కదా. తుఫాను లేని రోజున కూడా రోడ్డు ప్రమాదాలు ఉన్నాయి. ఆరు వరుసల రహదారి పక్కన సైకిలిస్టు ఎంత బలహీనుడో చెప్పనవసరం లేదు. రోజూ ఇచ్చాపురం వైపో రాజాం వైపో ఒకే దారిలో ఒకే వేళకు ఎదురయ్యే మనిషిని మనం పలకరిస్తూ ఉంటే, అతడు కనిపించని రోజున మనకు తెలుస్తుంది. దారి పక్క గుంతలో పడి ఉన్న సైకిలు ఎవరిదో కూడా తెలుస్తుంది. ప్రమాదంలో ఉన్నవారికి సాయపడినవారిని కేసులతో ఇబ్బంది పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పించింది. కాబట్టి ఆగడానికి భయపడనవసరం లేదు. రోడ్డు మీద నుంచి రాయినో ముల్లునో తొలగించడం కూడా విశ్వాసంలో భాగమేనన్న హదీసు మీకు తెలిసినదే. గాజుపెంకు చూసినప్పుడు సైకిలు దిగి పక్కకు తీయడం వెనుక వచ్చేవానికి మీరు చెప్పే మరో సలాం.

చివరిగా మన మసీదు ముంగిలి మాట. జుమా నమాజు ముగియగానే గేటు దగ్గర మోటారు సైకిళ్ళన్నీ ఒకేసారి స్టార్టు అవుతాయి, హారన్లు మోగుతాయి. గోడవారగా సైకిలు తాళం తీసుకుంటున్న వృద్ధులు అందరూ వెళ్ళేదాకా నిలబడి ఉంటారు. ఈ రోజు బయటికి వెళ్ళేటప్పుడు వారికి ముందుగా సలాం చెప్పి, ముందు దారి ఇవ్వవలసింది బండి మీద ఉన్నవారే.